రద్దీ

బల్లార్షా మిల్లులో బేళ్లు విప్పే పని నాది.
బిలాత్ నుంచి ఓడెక్కి వచ్చిన చిత్తుకాగితం.
ఇక్కడ దాన్ని రద్దీ అంటారు.

మొదటి బేలులోనే ఆ బ్యాండు విడిపోయింది.
వానాకాలం బేలులో డ్రమ్ములాయన పోయాడు.
ఆ పూట పోశెట్టీ నేనూ చాయ్ ముట్టలేదు.
దీపావళి బోనస్ నాటికి
ఆయనే జుట్టు పెంచుకుని నవ్వుతున్నాడు,
మూడో రికార్డట, బంగారు పళ్లెమట.

పాట మాత్రం ఒక్కటీ వినలేదు.
తడిసిన కాగితం చప్పుడు చేయదు.

నిన్న దొరికింది:
నలుగురు కుర్రాళ్లు, అరువు గిటార్,
ఎదురుగా ఆరు కుర్చీలు, రెండు ఖాళీ.
తెలుగులో రద్దీకి వేరే అర్థం ఉంది,
అదింకా ఆ కుర్చీల దాకా రాలేదు.

గుజ్జుతొట్టిలో వేయబుద్ధి కాలేదు.
గేటు దగ్గర శిందే జేబు తడిమి
"కాయ్ రే హే?" అన్నాడు.
ఇంకా మొదలవలేదు, అన్నాను.