సొట్టల లెక్క

మట్టెవాడల నా దుకాణం.
పెంబర్తి చెయ్యి నాది. మా నాయిన గంగాళాలు కొట్టిండు,
నేను బాకాల సొట్టలు తీస్త.
క్లారినెట్లు వేరేటోళ్లు సూస్కుంటరు.
నాకు పెద్ద బాకా గావాలె. బిల్లు మీద ట్యూబా అని రాస్త గాని
మా బ్యాండోళ్లు ఏనుగు అంటరు.
"నా ఏనుగు లేసిందా?" అనుకుంట అస్తరు పొద్దుగాల.

ఎవ్వలు మంచిగ ఊదుతరని అడిగినవ్ గద.
నాకు చెవి తక్కువ. చేతితోటి చెప్త.

చాంద్ మియా ఏనుగుకు సొట్టలుండవ్.
ముప్పై ఏండ్లల్ల ఒక్కటే, అదీ
టేషన్ కాడ రిక్షా బోర్ల పడ్డనాడు.
మూతి పెట్టే కాడ పూత అంత పోయి
ఇత్తడి తేలింది, తమలపాకు వాసన.
ఆయన సురం గింజంత ఆలిశెం.
డోలు పడ్డంక,
పెండ్లిపిలగాని గుర్రం చెవి కదిలినంక,
అప్పుడస్తది,
ముసలామె అరుగు మీద మెల్లగ కూసున్నట్టు.
కూసున్నంక ఇగ లేవది.
పాటనే ఆమె సుట్టు తిరగాలె.

దీనయ్యది వేరే లెక్క.
పొద్దున కరీమాబాద్ చర్చి, రాత్రి బరాత్.
సురాన్ని పట్టుకోడు, ముట్టి ఇడుస్తడు,
పెనం మీద రొట్టె తిప్పే వేళ్ల లెక్క.
రెండు సురాల నడుమ జాగా ఉంటది సూడు,
జనం కాలు పెట్టేది ఆడనే.
ఆయన మీటల కింద నమ్దా ముక్కలు
ఏడాదికి మూడు తాపల మారుస్త.

కాజీపేటల పాత గార్డు పెర్సీ దొర
రైల్వే కోటర్ల ఒకనాడు రికార్డు ఏసిండు.
జాజ్ అన్నడు. ఊదేటోళ్ల పేర్లు చెప్పిండు,
నాకు నోరు తిరగలే.
సన్న బాకాలన్ని గోడలెక్కి
గూనపెంకల మీద ఉరుకుతున్నయి.
కింద ఒకడు నిచ్చెన పట్టుకోని నిలబడ్డడు.
"వీడు మా దీనయ్యే" అన్న.
దొర నవ్విండు, సూది మల్ల మొదటికి పెట్టిండు.
ఈ తాప ఇన్న. నిచ్చెన పట్టుకున్నోడు
పైనోళ్లకు తెలువకుంట
నిచ్చెననే నడిపిస్తుండు.

ఇగ కొమురెల్లి.
వానిదాని నిండ సొట్టలే.
తాగి పడ్డయి, తాగకుంట పడ్డయి,
పైసలియ్యక పెండ్లోళ్లు గుంజినప్పటిది ఒకటి.
ఊదుకుంటనే గొంతుల ఇంకోటి పాడుతడు,
రెండు కలిసి
అడుగంటిన పప్పును గరిటె గీకినట్టు.
అంత గలీజ్ సురం నేనేడ ఇనలే.
అది ఇన్న రాత్రి నిద్ర పోలే.

ఒకసారి అన్ని సొట్టలు తీసిన, అద్దం లెక్క చేసిన.
మూడోనాడు మోసుకోని అచ్చిండు.
"అన్నా, ఇది నన్ను గుర్తు పడతలేదు.
బొడ్డు కాడి సొట్ట ఒక్కటి మల్ల పెట్టు."
కొయ్య సుత్తె తీసిన. సేపటి దాక చెయ్యి లేవలే.
మూడొందలు తీసుకున్న.
బతుకుల సొట్ట పెట్టింది అదొక్కటే.

బాగు చేసినంక ఒక్క సురం ఊది సూస్త.
నాకు గంతే అస్తది, మిగిలిన ఊపిరి
అతుకుల పొగ తిన్నది.
పక్క చాయ కొట్టుల గిలాసలు గలగలమంటయి.
రాజవ్వ అడుగుతది, "మియాదా?"
ఇప్పటి దాక తప్పు చెప్పలే.

కొమురెల్లి గిప్పుడు నర్సంపేట దిక్కు
డీజే బండి తోలుతడు. వాని ఏనుగు
వానకాలం నుంచి నా కొండికే ఉన్నది.
ఏదన్న డీజే ఈ గల్లీల పోతె
అద్దాలు అదురుతయి,
ఊదెటోడు లేకున్న
అది సన్నగ మూలుగుతది.
చెయ్యి పెట్టి ఆపుత.
అరచెయ్యి సీదా పోయి
ఆ సొట్టల కూసుంటది.