వేలిముద్ర

బ్రిటన్‌కి ఈ కొసన, అస్క్ ఏటి బురద ఒడ్డున
ఇస్కా కోటలో వాన పడిందని ఎవరూ చెప్పుకోరు.
ఆగితేనే చెప్పుకుంటారు.
ఆ రోజు ఆగింది.

కోట గుమ్మంలో బల్ల వేశారు.
బల్ల మీద చక్రవర్తి మట్టిబొమ్మ,
ఓడలో వస్తూ ముక్కు కొస విరగ్గొట్టుకుంది.
పక్కన నిప్పుల మూకుడు, సాంబ్రాణి గిన్నె.
ఇవతల నేను,
నా మైనపు పలకలు, ఇనుప గంటం.

పని సులువు.
మనిషి వస్తాడు, చిటికెడు తీసి నిప్పుల్లో వేస్తాడు,
పొగ లేస్తుంది, నేను పేరు రాస్తాను.
రొట్టెలవాడు పిండిచేతుల్తోనే వేశాడు.
ఆల్చిప్పలమ్మే ముసలమ్మ రెండుసార్లు వేసింది,
ఒకటి తనకి, ఒకటి మంచం పట్టిన మొగుడికి.
మధ్యాహ్నానికి నా కళ్ళు చెమ్మగిల్లాయి.
భక్తితో కాదు.

సెనోవారా చివర్న వచ్చింది.
సైన్యానికి చెప్పులు కుట్టే మనిషి.
నా కాళ్ళవీ ఆమె కుట్టినవే.
ఎడమది కాస్త వదులు. అడిగితే
"నీ నడకే వంకర, తమ్మోనియస్" అనేది.

గిన్నె వంక చూసి
చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది,
ముట్టుకోవద్దన్న పిల్లలా.

నేను మంచివాణ్ణని చెప్పుకోను.
శతాధిపతి తలుపు పక్కన కూర్చుని
ఉడికిన గుడ్డు వలుచుకుంటున్నాడు, ఇటు చూడట్లేదు, అంతే.
గబగబా రాసేశాను:
సెనోవారా, చెప్పులు కుట్టేది, ధూపం వేసింది.
"పో" అన్నాను గొంతులోనే. "అయిపోయింది. పో."

పోయింది.
వంతెన దాకా వెళ్ళిందట.
గొర్రెల మంద అడ్డొస్తే ఆగిందట.
ఆ ఆగడంలో ఏం తోచిందో
మళ్ళీ వచ్చింది.

"నాకు చదువు రాదు.
ఇందులో నేనెక్కడున్నాను?"

చూపించాను.
చూపించకుండా ఉండాల్సింది.

వంగి చాలాసేపు చూసింది,
పురిటి బిడ్డ మొహంలో పోలికలు వెతికినట్టు.
"ఇంతేనా నేను" అని నవ్వింది కూడా.
తర్వాత బొటనవేలు,
సూదిపోట్లకి కాయకాసిన వేలు,
మూకుడు మీద కాస్త కాచుకుని
తన పేరు మీద పెట్టి నొక్కింది.

"అబద్ధమే ఆడాలంటే నేను ఆడతాను గానీ
నా పేరు చేత ఆడిస్తావా?
నేను పోయాక దాని నోరు ఎవరు మూస్తారు?"

గుడ్డు వలవడం ఆగింది.

మిగతాది మీకు తెలిసే ఉంటుంది.
తెలియకపోతే మరీ మంచిది.
మల్లరంగంలో తడి ఇసుక. ఆమెతో ఇంకో ఇద్దరు,
వాళ్ళు నా బల్ల దాకా రానేలేదు.
కత్తి పట్టినవాడి కాళ్ళకి ఆమె కుట్టిన చెప్పులు.
నేను వాటినే చూస్తూ నిలబడ్డాను.
ఇప్పుడు అన్నీ చూశామనేవాళ్ళు చాలామంది,
అక్కడ ఊట పుట్టిందనీ,
పిట్టలు గాలిలో నిలిచిపోయాయనీ.
వాన మళ్ళీ మొదలైంది. అంతవరకే నేను ఒప్పుకుంటాను.

పలక దాచిపెట్టానని మనవడికి చెప్పాను.
దాచలేదు.
ఆ రాత్రే దీపం మీద పట్టి కరిగించాను,
తెల్లారి దాని మీదే వేరేవాళ్ళ పేర్లు రాశాను.
భయం ఎవరికి లేదు.
కరిగించే ముందు మాత్రం ఆ ముద్రలో గీతలు లెక్కపెట్టాను.
పదకొండు.
పన్నెండోది గీత కాదు, సూది గాటు.

చక్రవర్తులు మారారు.
ఆమె దేవుడి పేరు ఇప్పుడు
సంతలో గట్టిగానే పలుకుతున్నారు.
నా దగ్గరికి వచ్చి అడుగుతారు, ఎలా ఉండేది,
ఆఖరున ఏమంది, మొహంలో వెలుగు ఉందా అని.

ఎడమ చెప్పు ఇంకా వదులే.
రెండుసార్లు అడుగు మార్పించాను,
వారు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.