హీరో లేని సెకండాఫ్

చీకటి సినిమాలంటే నాకు కోపం.
తెర నిండా నీలి మసక, గోడకు చెమ్మ,
ఒకడు కిటికీ పక్కన కూసోని
పావుగంట సిగరెట్టు తాగుతడు.
ఎందుకు బాధపడుతున్నడో చెప్పడు,
చెప్తే పరువు పోతదన్నట్టు.

మేం ట్యూబులైటు కిందనే బాధపడుతం సారూ.
షార్జా సజాల. శిక్ష కాదు, జాగ పేరే అది.
ఎనిమిది మంచాల రూము.
ఒకడు ఉల్లిగడ్డ కోస్తుంటే
ఇంకొకడు ఫోన్ల వడ్డీ లెక్క వింటుంటడు.
కెమెరా పెట్టుకుంటే పెట్టుకోండి,
ఎవని కండ్లల్ల నీళ్లు ఎందుకొచ్చినయో
మీకు అంతుపట్టది.

ఒక్కటి మాత్రం ఆఖరిదాక చూసిన.
అండ్ల ఒకాయన తప్పిపోయిన ఎడమ చెప్పు కోసం
రెండు గంటలు దేవులాడుతడు.
దొరకది.
అట్ల తియ్యాలె.

నవ్వించే దయ్యాలంటే నాకు పానం.
కానీ ఒక్క మాట అడుగుత,
మన దయ్యాలకు ఎప్పుడూ బంగ్లాలేనా?
కిరాయికుండే దయ్యం లేదా?
ఒక్క మంచంల పగలొకడు, రాత్రొకడు పండుకుంటే
ఆ దయ్యం ఎవని గుండె మీద కూసోవాలె?

మా మూడో బ్లాకుల ఒక నల్లా
రాత్రి రెండు గొట్టంగ దానంతటదే కారుతది.
బిహారోళ్లు చుడైల్ అన్నరు.
మలబారు వంటాయన జిన్ను అని ఉప్పు చల్లిండు.
మా నర్సింగం లుంగీ ఎగ్గట్టి పోయి దబాయించిండు:
"నీళ్లు పోతే నా జీతం కోస్తరు,
నీకేంది, నీకు జీతమే లేకపాయె!"
మర్నాటి నుంచి బందయ్యింది.
పొద్దుగాల ప్లంబరొచ్చి వాషరు మార్చిపోయిన సంగతి
నేను ఎవ్వరికీ చెప్పలే.

ఇగ మా సినిమా.
అభిమానులు తీసే సినిమాలంటే అందరికీ నవ్వులాటే.
మా హీరో పుట్టినరోజుకు మేమూ ఒకటి మొదలువెట్టినం.
ఏ హీరో అని అడగొద్దు,
సగం రూము ఇంకో హీరోది, మంచాలు విరుగుతయి.

షాదుల్లాది నిర్మల్. నడక, మెడ అచ్చం ఆయనే,
మొకం తప్ప. అందుకే ఎనుకనుంచి తీసినం.
మీసాలున్నయని నర్సింగం విలన్.
కెమెరా నాది, అద్దం పగిలిన ఫోను.
ప్రతి షాటుల కుడిపక్కకు ఒక మెరుపు.
వాళ్లు గీత అంటరు, నేను మెరుపే అంట.
స్లోమోషన్‌కు కష్టపడలే,
ఇసుకల ఎవడు నడిచినా స్లోమోషనే.
క్రేన్ షాటుకు నిజం క్రేనే దొరికింది,
ఆపరేటరు గుల్‌జమాన్ రెండు పెప్సీలు తీసుకున్నడు.

ఇంటర్వెల్ దాక అయ్యింది.
మంగళవారం పొద్దుగాల ఆఫీసుల పిలిచి
షాదుల్లాకు వీసా క్యాన్సిలన్నరు.
రాత్రికే ఫ్లైటు.
నల్లషర్టు మడతపెట్టి నా మంచం మీద పెట్టిపోయిండు,
కాలరు లేపే ఉంచి.

ఆ షర్టుల పట్టేటోడు లేడు.
నాకు పొట్ట అడ్డం, గంగారాంకు భుజాల్లేవు.
పార కట్టెకు అడ్డం కట్టె కట్టి షర్టు తొడిగినం,
మీద హెల్మెటు బోర్లించి దిబ్బ మీద పాతినం.
నర్సింగం దాని ముందర నిలవడి అన్నడు:
"వచ్చినవా? ఇన్నేండ్లు యాడ దాక్కున్నవురా?"

గాలొచ్చింది.
ఖాళీ చేతులు రెండూ లేచినయి.
మేం ఇసుకల పడి పొర్లి నవ్వినం.
నర్సింగం నవ్వలే.
అదే డైలాగు మళ్ల అన్నడు, ఈసారి మెల్లగ,
పక్కమంచపోన్ని లేపుతున్నట్టు.
నేను కట్ అనలే.
గాలి ఆగింది. చేతులు దిగినయి.

మొత్తం పదకొండు నిమిషాలు.
తప్పులున్నయి, ఒప్పుకుంట.
ఎండ ఎక్కువైంది, చివర్ల గంగారాం నీడ పడ్డది,
కథకు ముగింపు లేదు.
అయినా డబ్బులు పెట్టి చూసిన ఏ చీకటి సినిమా కన్నా
దాన్నే ఎక్కువసార్లు చూసిన.

షాదుల్లాకు పంపిన.
రెండు రోజులకు జవాబొచ్చింది:
"చేతులు మంచిగ యాక్టు చేసినయి.
షర్టు ఇస్త్రీ చెయ్యకపోతిరి గదరా."