ఎనిమిది కాళ్ల లెక్క

పలాసలో బల్ల ముందు కూర్చుని
ఇరవయ్యొక్క ఏళ్లుగా జీడిపప్పు ఏరుతున్నాను.
గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు,
పురుగు కొరికింది కాళ్ల దగ్గర డబ్బాలోకి.
సూదిమొనంత చిల్లయినా సరే
మేస్త్రీ కంటే ముందు నా వేలికి తెలుస్తుంది.

ఇంటికొచ్చాక అదే కన్ను తిరగబడుతుంది.
పురుగు లేని రాయిని
పక్కన పడేస్తాను.

మొదటిది మా మామ్మ కూర్మమ్మ మెడలోది.
రంగంలో రేవు దగ్గర బియ్యం బస్తాలు కుట్టేదట.
బాంబులు పడ్డ ఏడాది నడిచొచ్చింది,
కొండలెక్కి, కొండలు దిగి,
పసుప్పచ్చ పూసలు పదకొండు నడుముకి కట్టుకుని.
"బెల్లంగడ్డల్లాగున్నాయి గదే" అనేది ఎవరికైనా చూపించి.
దారిలో ఎవరిని వదిలొచ్చావని అడిగితే మాత్రం
నూకలు చెరగాలని లేచిపోయేది.

ఏడో పూసలో మచ్చ.
మామ్మ అది మురికనుకుంది,
బతికినన్నాళ్లూ చింతపండుతో తోమింది.
ఆవిడ పోయాక, కాశీబుగ్గలో
గడియారాలు బాగుచేసే సన్యాసిరావు
కంటికి అద్దం బిగించి చూసి
కాసేపు మాటాడలేదు.
"అమ్మీ, దీనికి కాళ్లున్నాయే."

ఎనిమిది. నేనే లెక్కపెట్టాను.
నువ్వుగింజలో సగముంటుంది సాలీడు,
ముందు కాళ్లు రెండూ ఎత్తి
లోపల్నుంచి తలుపు తడుతున్నట్టు.

అప్పట్నుంచీ ఇదే పిచ్చి.
మా చిన్నాన్న కొడుకు దాలినాయుడు మణిపూరులో జవాను.
సెలవుకొచ్చినప్పుడల్లా అక్కడి సంతలో కొన్న ముక్కలు
సబ్బుపెట్టెలో తెచ్చేవాడు.
నౌపడ ఉప్పు చిక్కగా కరిగించిన నీళ్లలో వేస్తాను,
గాజైతే మునుగుతుంది.
తేలినదానికి కాల్చిన సూది ఆనిస్తాను,
ప్లాస్టిక్కయితే ముక్కు మూసుకోవాలి,
అసలుదైతే ఇల్లంతా గుగ్గిలం.
"ఏటే, ఇయ్యాళ శనివారం కాదు గదా"
గోడ అవతల్నుంచి ఈశ్వరమ్మ.

ఆరు కాళ్లవి నాకొద్దు.
దోమలూ చీమలూ మేనకోడలికిచ్చేస్తాను.
గోమారులు, ధూళికంటే చిన్న నల్లులు,
తోకలేని ఒక తేలు,
అగ్గిపెట్టెల్లో దూది మీద పదిహేడు.
ఒకదానిలో పురుగే లేదు,
తెగిన సాలెపోగు, దాని చివర గాలిబుడగ.
అది మాత్రం ఎందుకో పడెయ్యలేకపోయాను.

తృణమణి అంటారని హైస్కూలు మేష్టారు చెప్పారు.
పొందూరు పంచెముక్కతో రుద్ది చూశాను.
నిజమే, గడ్డిపరక
లేచొచ్చి అంటుకుంది.

పోయినసారి దాలినాయుడు ఖాళీ పెట్టె తెచ్చాడు.
"ఆ గనులు తుపాకుల చేతిలో ఉన్నాయక్కా,
దిగిన కుర్రోళ్లందరూ పైకి రావటం లేదంట.
నేనింక కొనను."
ఆ కొండల పేరు అడిగాను. చెప్పాడు.
మామ్మ నిద్దట్లో పలికిన పేరే.
అగ్గిపెట్టెలన్నీ మూసి
సత్తుడబ్బాలో పెట్టేశాను.
వారం రోజులు తియ్యలేదు. తర్వాత తీశాను.

తుఫానుకి సగానికి విరిగిన మా జీడిచెట్టు
ఇంకా బంక కారుస్తూనే ఉంది.
నిన్న పొద్దున్న అందులో సాలీడు పిల్లొకటి,
ముందు కాళ్లు రెండూ ఎత్తి.
అబద్ధమెందుకు, ఆగాను.
పాకే ఎండలో బంక మెరుస్తుంటే
నిలబడి చూశాను.

కానీ జీడిబంక వానకి కరిగే సరుకు.
తొలకరి పడితే చెట్టు మొదట్లో మరక, అంతే.
రాయి కాలేని చావు, ఎవరిక్కావాలి?
చీపురుపుల్లతో మెల్లగా లేపాను.

ఏడు కాళ్లతో పోయింది.
ఎనిమిదోది బంకలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం బల్ల దగ్గర
మూడుసార్లు లెక్క తప్పాను.