బానెట్ ఎత్తిన పాట

బీసెంట్ రోడ్డు కొట్లో యాంప్లిఫయర్ ధర విని
చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

"దీనికి పైసా అక్కర్లేదు" అంది నాగసులోచన,
షెడ్డు బిల్లులు కొట్టే పాత ల్యాప్‌టాప్‌లో ఏదో దింపుతూ.
"దొంగదా?"
"కాదు బాబాయ్. ఎవరో రాసి, బానెట్ ఎత్తే ఉంచారు."

ఆ మాట నాకర్థమైంది.
ఆటోనగర్‌లో పాతికేళ్ళు.
విప్పి చూడనివ్వని ఇంజన్ని
ఏనాడూ నమ్మలేదు.

తీగ మీటితే
శబ్దం కాస్త ఆగి వచ్చింది,
నిద్రలేపితే పలికే కుర్రాడిలా.
సులోచన ఎక్కడో ఒక అంకె తగ్గించింది.
వేలూ స్వరమూ
ఒకేసారి గడప దాటాయి.

ఇంకా వెనకాల ఒక గుర్రు.
పక్క షెడ్డు లేతు, కరెంటు తీగల్లోంచి.
దాని నోరు మూసే మీట కూడా ఉంది.
పూర్తిగా తిప్పాను.
గిటారొక్కటే మిగిలింది, శుభ్రంగా,
ఇంకెవరి ఊళ్ళోనో ఉన్నట్టు.

కొంచెం వెనక్కి తిప్పాను.

"ఈ అమరిక మనమూ పంపొచ్చు, ఎవరికైనా పనికొస్తుంది."
పదమూడో నంబరు స్పానరు
అడిగిన ప్రతివాడికీ ఇచ్చాను,
తిరిగొచ్చిందా అని చూడలేదు.
పంపు, అన్నాను.

పేరడిగింది.
గ్రీజు వేళ్ళతో నేనే కొట్టాను,
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ:
ఆటోనగర్, రాత్రి పది, లేతు ఆగలేదు.