టేపు అవతలి కొస

టేపు ఒక కొస ఎక్సైజ్ ఎస్సై చేతిల,
అవతలి కొస నా చేతిల.
గిర్మాజీపేటల మూతబడ్డ జిన్నింగ్ మిల్లు గేటు కాడ నేను,
మసీదు మెట్ల దిక్కు నడుసుకుంట ఆయన.
ముప్పై మీటర్లకు ఒక సుద్దగీత,
మళ్ల జరుగుడు, మళ్ల వంగుడు.
నడుమ రెండు ఆటోలు, ఒక మేక.
మేక కదలకపోతే దాని పొట్ట కింది నుంచే టేపు తీసినం.

లాభాపేక్ష లేని సంఘం అని
మా రంగశాల బోర్డు మీదనే రాసుకున్నం.
నష్టాపేక్ష కూడా లేదు గాని
అది అడగకుండనే వస్తది.
రేకులు కారుతయి. కరెంటోళ్లు వస్తరు.
ఐలోని నుంచి వచ్చిన ఒగ్గు బృందానికి
బస్సు కిరాయి ఇంకా బాకీ.
ట్రెజరర్‌ను నేను, ఆ ఎర్ర సిరా నాదే.
"పట్నంల నాటకం అయినంక బీరు తాగుతరు,
ఆ బీరే మళ్ల నాటకాన్ని సాదుతది"
అన్నడు ఉప్పలయ్య సారు, సల్లగ.
ఎవ్వలం నవ్వలే. లెక్క సక్కగనే ఉన్నది.

దరఖాస్తుల పదకొండో గడి:
నూరు మీటర్ల లోపట గుడి, బడి, మసీదు, చర్చి ఏమన్న ఉన్నవా?
ఈ వాడల నూరు మీటర్ల లోపట లేనిదేంది?
పోచమ్మ గద్దె ఉన్నది.
ఆషాఢంల ఆమెకు కల్లు సాక పోసేది మేమే,
ఆమెను అడిగే గడి మాత్రం లేదు.
మూల మీది కిరాణంల
సబ్బుల వెనక నుంచి వచ్చే సీసకు
ఏ టేపూ పట్టలే ఇన్నేండ్ల సంది.

అజా ఇచ్చే గఫూర్ సాబ్
మా పిల్లలకు ఉర్దూ దిద్దుతడు,
ఖ అంటే గొంతుల నుంచి రావాలె, పెదవుల మీద కాదంటడు.
ఆయనను అడుగుదామని పోయిన.
"నన్ను అడగకమ్మా," అన్నడు.
"అడిగితే వద్దంట.
అడగకపోతే బాధ పడత."
చాయ్ తాగించి పంపిండు.

తొంభై ఏడు.
ఎస్సై సుద్దముక్క జేబుల ఏసుకొని నా మొకం చూసిండు.
మంచోడే, ఆయన బిడ్డ మా కాడనే డప్పు నేర్చుకుంటది.
"ముంగటి గేటు మూసి వెనక గేటు తెరువుండ్రి మేడం,
నూట ఆరు వస్తది."

వెనక గేటు తెరిస్తే కొంరవ్వ అరుగు.
టేపు ఆమె మిరపకాయల పక్కపొంటి పోయింది.
"తొక్కకురి సారూ" అన్నది గాని ఎందుకని అడగలే.
మా ప్రతి ఆట చూస్తది ఆమె, గోనెసంచుల మీద కూసోని.
పోయినేడు తాగుబోతు ఏషం కట్టిన పోరడు తూలితే
మందంత పడి పడి నవ్విండ్రు.
ఆమె లేచి పోయింది.
తెల్లారి వానిని పట్టుకొని చెప్పింది,
"తాగినోడు తూలడు బిడ్డా,
తూలకుండ నడవాలని సూస్తడు. అది ఆడు."

పొద్దుగూకినంక ఆమె కాడికి పోయి లైసెన్సు ముచ్చట చెప్పిన.
మిరపకాయలు ఎత్తుకుంటనే విన్నది.
"లైసెన్సంటే గోడకు తగిలేసే కాయితమా?
మా ఇంటాయన తాగినన్నేండ్లు
ఏ గోడకూ కాయితం లేకుండె."
కొంచెం ఆగి,
"తీసుకుంటే తీసుకోండ్రి. పదింటికి మూయిండ్రి.
నా అరుగు మీద ఎవలన్న పడితే నేను లేపను.
లేపి లేపి ఈ చేతులు పోయినయి."

దరఖాస్తుకు రెండు సంతకాలు కావాలె.
ఉప్పలయ్య సారుది అయింది.
ఆ రాత్రి వెనక గేటు తాళానికి నూనె పోసి వచ్చిన,
తెరువనీకెనో, తుప్పు పట్టకుండనో,
అడగకురి.

తెల్లారి కొంరవ్వ సాన్పి చల్లింది.
ఆమె వాకిట్ల గీత పోయింది.
అవతల రెండు గీతలు ఉన్నయి ఇంకా.