నాలుగు కిలోబైట్ల సముద్రం

అంకుద్ రేవులో పగలు నేను మందుల కొట్టువాణ్ణి.
రాత్రి, ఫ్రిజ్ మీద పెట్టిన పాత లాప్‌టాప్‌కి
కాపలాదారుణ్ణి. దాని ఫ్యాను
ఉబ్బసం మనిషిలా ఎగరోజుతుంది.

ఏటా మార్చిలో డొమైన్ల బిల్లొస్తుంది.
పదకొండు పేర్లు కొన్నాను, పది అటకెక్కాయి:
పిట్టల కూతల్ని పోల్చేదొకటి,
మా దీవి బంగాళాదుంపలకి వంశవృక్షమొకటి,
ఎందుకు మొదలెట్టానో నాకే గుర్తులేనిదొకటి.

నడుస్తున్నది ఆటుపోట్ల పేజీ.
తెల్లటి తెర, నల్లటి అంకెలు.
నీళ్లు ఎన్నింటికి వెనక్కి తీస్తాయో, అంతే.

జూన్ వానల్లో చేతులు ఊరుకోలేదు.
కొత్త ఫ్రేమ్‌వర్కు తెచ్చి
అలలు కదిలేలా, చంద్రుడు అరిగి పెరిగేలా
మొత్తం తిరగరాశాను.
అర్ధరాత్రి దాటాక
నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

నాలుగోనాడు ఎదెల్మీరా వచ్చింది.
బూట్లకి బురద, చేతిలో అద్దం పగిలిన ఫోను.
మోకాళ్ల బిళ్లలు తీసుకుని
చిల్లర లెక్కపెడుతూ అంది:
"ఎలిసేయో, మూడు రోజులుగా నీ సముద్రం రావడంలేదు.
గుండ్రంగా ఏదో తిరుగుతోంది.
ఆల్చిప్పలకి అంచనా మీదే వెళ్లాను.
నడుందాకా తడిశాను."

ఇన్నేళ్లలో ఏ ఎర్రర్ మెసేజీ
ఇంత మర్యాదగా తిట్టలేదు.

ఆ రాత్రి చంద్రుణ్ణి తీసేశాను.
అలల్ని ఒక్కొక్కటే చెరిపాను.
నాలుగు కిలోబైట్లు మిగిలాయి.
తెల్లవారి ఐదూ ఇరవైకి
లాగ్‌లో ఒకే ఒక్క వరుస:
ఎవరో వచ్చి, చూసి, వెళ్లారు.

ఫ్యాను కాస్త తెరిపిన పడింది.
పడుకోబోతూ గుర్తొచ్చింది,
బంగాళాదుంపలకి ఇంకో మంచి పేరు.
ఖాళీగా ఉందో లేదో
చూడకూడదనుకున్నాను.

చూశాను. ఉంది.